టైరు ఒరిపిడి

కారు నడుస్తున్నప్పుడు టైరు తన చుట్టూ ఉన్న భాగాలలో దేనికైనా తగిలి రాసుకోవడాన్ని టైరు ఒరిపిడి అంటారు. కారుతోపాటు కర్మాగారం నుండి వచ్చిన చక్రాలను తీసివేసి, వేరే కొలతలు గల అల్లాయ్ చక్రాలను బిగించినప్పుడు ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. మెకానిక్కుల వాడుకలో దీనిని "టైరు తగులుతోంది", "టైరు రాసుకుంటోంది" అని చెబుతారు. టైరు మడ్‌గార్డు అంచుకు గాని, చక్రపు గూటిలోని ప్లాస్టిక్ లైనరుకు గాని, లోపలి వైపున ఉన్న సస్పెన్షన్ భాగాలకు గాని తగలవచ్చు.

దీనిని శబ్దానికి సంబంధించిన చిన్న ఇబ్బందిగా భావించి వదిలివేయడం ప్రమాదకరం. ఒకేచోట పదేపదే రాసుకోవడం వలన టైరు పక్కగోడ పలచబడుతుంది లేదా కోసుకుపోతుంది. వేసవి ఎండలో, నిండు బరువుతో, రహదారి మీద వేగంగా వెళ్ళే సమయంలో అటువంటి టైరు పేలిపోయే అవకాశం ఉంది. ఒరిపిడికి సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల తేడాయే కారణం. ఆ తేడాను చక్రం కొనకముందే కాగితం మీద లెక్కకట్టవచ్చు. కొన్న తరువాత సరిచేయవలసి వస్తే, తగులుతున్న చోటు ఏదో ముందుగా తెలుసుకోవాలి. అది తెలియకుండా చేసే మరమ్మతు వలన ఒరిపిడి ఒకచోట నుండి మరొక చోటికి మారుతుందే తప్ప పోదు.

నేపథ్యం

అల్లాయ్ అనగా మిశ్రమ లోహం. కార్ల అల్లాయ్ చక్రాలలో అధిక భాగం అల్యూమినియమే. దానికి సిలికాన్, కొద్దిపాటి మెగ్నీషియం కలుపుతారు. పోత పోసిన అల్యూమినియం చక్రాలతో పేరు పొందిన తొలి కార్లలో 1924లో వచ్చిన బుగాటి టైప్ 35 పందెపు కారు ఒకటి. ఒకే పరిమాణం గల ఉక్కు చక్రంతో పోల్చినప్పుడు అల్లాయ్ చక్రం సాధారణంగా తేలికగా ఉంటుంది, బ్రేకుల వేడిని త్వరగా బయటకు పంపుతుంది, చూడటానికి అందంగా ఉంటుంది. అయితే పరిమాణం పెరిగిన కొద్దీ బరువు కూడా పెరుగుతుంది కాబట్టి పెద్ద అల్లాయ్ చక్రం చిన్న ఉక్కు చక్రం కంటే తప్పక తేలికగా ఉంటుందని చెప్పలేము.

భారతదేశంలో అమ్ముడయ్యే చాలా కార్లలో తక్కువ ధర రకాలకు ఉక్కు రిమ్ములు, ఎక్కువ ధర రకాలకు అల్లాయ్ చక్రాలు వస్తాయి. తక్కువ ధర రకం కొన్నవారు తరువాత టైర్ల దుకాణంలో అల్లాయ్ చక్రాలు వేయించుకోవడం సాధారణం. అదే తరం కారు యొక్క పై రకానికి తయారీదారు ఇచ్చిన కొలతలతోనే చక్రాలు వేయిస్తే సాధారణంగా ఒరిపిడి రాదు. అంతకంటే వెడల్పైన చక్రాలు, లావైన టైర్లు, బయటికి పొడుచుకు వచ్చే ఆకృతి కోరుకున్నప్పుడు సమస్య మొదలవుతుంది.

చక్రం కొలతలు

అల్లాయ్ చక్రం లోపలి వైపున దాని కొలతలు పోత పోసి లేదా ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 6జె×15, 4×100, ఈటీ 45, 54.1 అని ఉంటే వాటి అర్థం ఈ విధంగా ఉంటుంది.

* 6జె: రిమ్ము వెడల్పు 6 అంగుళాలు. జె అనేది టైరు అంచును పట్టి ఉంచే రిమ్ము అంచు ఆకృతిని తెలియజేస్తుంది.
* 15: టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 15 అంగుళాలు.
* 4×100: 4 బోల్టు రంధ్రాలు, వాటి కేంద్రాల గుండా గీచిన వృత్తం వ్యాసం 100 మి.మీ. దీనిని పీసీడీ అంటారు.
* ఈటీ 45: ఆఫ్‌సెట్ 45 మి.మీ.
* 54.1: మధ్య రంధ్రం వ్యాసం 54.1 మి.మీ.

పీసీడీ సరిపోకపోతే చక్రం అసలు సరిగా బిగియదు. మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే చక్రం కేంద్రం తప్పి కూర్చుని, వేగంలో స్టీరింగు వణుకుతుంది. ఆ ఖాళీని పూరించడానికి హబ్ రింగులు వాడతారు. ఈ రెండూ ఒరిపిడికి నేరుగా కారణాలు కావు. ఒరిపిడిని నిర్ణయించేవి ముఖ్యంగా మూడు: టైరు వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు మొత్తం వ్యాసం. దుకాణంలో "మీ కారుకు సరిపోతుంది" అన్నప్పుడు చాలాసార్లు పీసీడీ సరిపోతుందని మాత్రమే దాని అర్థం. మిగిలిన మూడింటిని కొనేవారే విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఆఫ్‌సెట్

చక్రాన్ని వెడల్పులో సరిగ్గా సగానికి విభజించే ఊహారేఖకు, చక్రం హబ్బును ఆనుకునే తలానికి మధ్య ఉన్న దూరమే ఆఫ్‌సెట్. దీనిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఈటీ అనేది ఐన్‌ప్రెస్‌టీఫె అనే జర్మన్ మాటకు సంక్షిప్త రూపం. ఆనుకునే తలం మధ్యరేఖకు బయటి వైపు, అనగా వీధి వైపు ఉంటే ఆఫ్‌సెట్ ధనాత్మకం. నేటి ముందు చక్రాల చోదక కార్లన్నింటిలో దాదాపు ఇదే పద్ధతి.

ఆఫ్‌సెట్ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. పెరిగితే లోపలికి జరుగుతుంది. 45కు బదులు 35 ఉన్న చక్రం బిగిస్తే, వెడల్పు మారకపోయినా చక్రం మొత్తం 10 మి.మీ. బయటికి వస్తుంది.

హబ్బు తలం నుండి టైరు ఎంత దూరం వరకు ఉంటుందో ఈ రెండు సూత్రాల ద్వారా తెలుసుకోవచ్చు.

* బయటి వైపు దూరం = టైరు వెడల్పులో సగం − ఆఫ్‌సెట్
* లోపలి వైపు దూరం = టైరు వెడల్పులో సగం + ఆఫ్‌సెట్

ఉదాహరణ

ఒక కారుకు 185 మి.మీ. వెడల్పు గల టైరు, ఈటీ 45 చక్రం ఉన్నాయని అనుకుందాం. వెడల్పులో సగం 92.5. కాబట్టి బయటి దూరం 47.5 మి.మీ., లోపలి దూరం 137.5 మి.మీ. దీని స్థానంలో మూడు వేర్వేరు ఎంపికలను పోల్చి చూడవచ్చు.

* 195 టైరు, ఈటీ 45: బయట 52.5, లోపల 142.5. రెండు వైపులా 5 మి.మీ. చొప్పున పెరుగుతుంది.
* 205 టైరు, ఈటీ 45: బయట 57.5, లోపల 147.5. రెండు వైపులా 10 మి.మీ. చొప్పున పెరుగుతుంది.
* 205 టైరు, ఈటీ 35: బయట 67.5, లోపల 137.5. లోపలి వైపు ఏ మార్పూ లేదు. పెరిగిన 20 మి.మీ. మొత్తం బయటి వైపే చేరుతుంది.

చివరి రెండు ఎంపికలలో టైరు ఒక్కటే. అయినా ఒకటి లోపల స్ట్రట్టుకు దగ్గరవుతుంది, మరొకటి మడ్‌గార్డు అంచును దాటి బయటికి పొడుచుకు వస్తుంది. ఒకే పరిమాణం గల టైరు ఒకరి కారుకు చక్కగా సరిపోయి, అదే నమూనా కారు గల మరొకరికి రాసుకోవడానికి ఇదే కారణం. అందువలన "ఈ కారుకు 205 టైరు పడుతుందా?" అనే ప్రశ్నకు ఆఫ్‌సెట్ చెప్పకుండా సమాధానం ఇవ్వలేము.

టైరు మీద రాసిన వెడల్పు ఒక నిర్ణీత రిమ్ము మీద కొలిచినది. 185/65 ఆర్15 టైరుకు ఆ రిమ్ము 5.5 అంగుళాలు. రిమ్ము వెడల్పు అర అంగుళం పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. తయారీదారును బట్టి కూడా కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. లెక్కలో 2, 3 మి.మీ. మాత్రమే ఖాళీ మిగిలితే అది సరిపోదు. మలుపులలో టైరు పక్కకు వంగుతుంది కనుక స్థిరంగా ఉండే లోపలి భాగాల వైపు కనీసం 5 మి.మీ. ఖాళీ మిగలడం క్షేమం.

టైరు మొత్తం వ్యాసం

టైరు మీద ఉన్న 185/65 ఆర్15 వంటి అంకెలలో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అనేది రేడియల్ నిర్మాణాన్ని, చివరిది అంగుళాలలో రిమ్ము వ్యాసాన్ని సూచిస్తాయి. ఒక అంగుళం 25.4 మి.మీ. కాబట్టి టైరు మొత్తం వ్యాసాన్ని ఇలా లెక్కకట్టాలి.

185 × 0.65 = 120.25 మి.మీ. (పక్కగోడ ఎత్తు)
120.25 × 2 = 240.5 మి.మీ.
15 × 25.4 = 381 మి.మీ.
మొత్తం వ్యాసం = 621.5 మి.మీ.

2018లో వచ్చిన మారుతి సుజుకి స్విఫ్ట్‌లో కింది రకాలకు 165/80 ఆర్14, పై రకానికి 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. మొదటి దాని వ్యాసం 619.6 మి.మీ. రిమ్ము ఒక అంగుళం పెరిగినా మొత్తం వ్యాసంలో తేడా 2 మి.మీ. కూడా లేదు. రిమ్ము పెరిగినంత మేర పక్కగోడ ఎత్తు తగ్గించడం వలన ఇది సాధ్యమైంది. చక్రం మార్చేవారు పాటించవలసిన పద్ధతి కూడా ఇదే.

185/65 ఆర్15తో మరికొన్ని పరిమాణాలను పోల్చితే:

* 195/55 ఆర్16: 620.9 మి.మీ. దాదాపు సమానం.
* 205/50 ఆర్16: 611.4 మి.మీ. సుమారు 1.6 శాతం తక్కువ.
* 195/65 ఆర్15: 634.5 మి.మీ. సుమారు 2.1 శాతం ఎక్కువ.
* 205/65 ఆర్15: 647.5 మి.మీ. సుమారు 4.2 శాతం ఎక్కువ.

చివరి టైరు వేస్తే చుట్టూ అన్ని దిక్కులా 13 మి.మీ. ఖాళీ తగ్గిపోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు లైనరుకు తగలడానికి తరచుగా ఇదే కారణం. వ్యాసం మారితే స్పీడోమీటరు లెక్క కూడా మారుతుంది. పాత టైరుతో గంటకు 80 కిలోమీటర్ల అసలు వేగాన్ని చూపే ముల్లు స్థానంలో, ఈ టైరుతో అసలు వేగం 83 కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

వ్యాసం సరిపోయినంత మాత్రాన సరిపోదు, బరువు మోసే సామర్థ్యం కూడా చూడాలి. లోడ్ ఇండెక్స్ 88 అంటే ఒక టైరు 560 కిలోలు, 87 అంటే 545 కిలోలు మోయగలదని అర్థం. 185/65 ఆర్15 టైర్లు సాధారణంగా 88తోను, 195/55 ఆర్16 టైర్లు 87తోను వస్తాయి. వెడల్పైన టైరు ఎక్కువ బరువు మోస్తుందనేది అపోహ. కారుకు తయారీదారు నిర్ణయించిన అంకె కంటే తక్కువ అంకె గల టైరును వాడరాదు.

ఒరిపిడి జరిగే చోట్లు

మడ్‌గార్డు అంచు: చక్రపు గూటి పైభాగంలో రేకు లోపలికి మడిచి ఉంటుంది. వెనుక సీటులో ముగ్గురు కూర్చుని, డిక్కీలో సామాను ఉన్నప్పుడు స్పీడు బ్రేకరు దాటితే టైరు పైకి లేచి ఈ మడతకు తగులుతుంది. ఒకరే నడిపేటప్పుడు ఈ శబ్దం రాకపోవచ్చు. టైరు భుజం మీద సన్నని గీత పడటం దీని గుర్తు. రేకు మడత పదునుగా ఉంటుంది కాబట్టి ఇది టైరును కోయగలదు.

ప్లాస్టిక్ లైనరు: ముందు చక్రాలు పూర్తిగా తిరిగినప్పుడు, ముఖ్యంగా వెనుకకు నడుపుతూ మలుపు తిప్పేటప్పుడు గరగరమనే శబ్దం వస్తుంది. ప్లాస్టిక్ నున్నగా అరిగిపోయి కనిపిస్తుంది. అన్నింటిలో ఇది తక్కువ ప్రమాదకరం. అయితే లైనరు చిరిగి టైరుకు చుట్టుకునే అవకాశం ఉంది.

స్ట్రట్టు, స్ప్రింగు పళ్ళెం: చాలా కార్ల ముందు వైపు ఉండే మాక్‌ఫెర్సన్ స్ట్రట్టు టైరు లోపలి పక్కగోడకు ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. చక్రంతోపాటు ఇది కూడా తిరుగుతుంది కనుక ఇక్కడ తగిలితే స్టీరింగు ఏ స్థితిలో ఉన్నా తగులుతూనే ఉంటుంది. వేగంతోపాటు పెరిగే సన్నని శబ్దం, మాడిన రబ్బరు వాసన వంటివి దీని లక్షణాలు. లోపలి వైపు కావడం వలన కంటికి కనిపించదు. అన్నింటిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం.

కంట్రోల్ ఆర్మ్, యాంటీ రోల్ బార్: స్టీరింగును చివరి వరకు తిప్పినప్పుడు మాత్రమే టైరు లోపలి అంచు వీటికి తగులుతుంది. ఘాట్ రోడ్ల మీది వెంట్రుకపిన్ను మలుపులలోను, పార్కింగులోను ఇది బయటపడుతుంది.

బ్రేక్ క్యాలిపరు: ఇక్కడ తగిలేది టైరు కాదు, రిమ్ము లోపలి భాగం లేదా చక్రపు ఆకులు. లోహం లోహానికి రాసుకునే శబ్దం వస్తుంది. అటువంటి చక్రాన్ని ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

గుర్తించే విధానం

1. కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, టైర్లలో గాలి తయారీదారు చెప్పినంత ఉన్నదో లేదో చూడాలి. డ్రైవరు తలుపు చట్రం మీది చీటీలో లేదా కారు పుస్తకంలో ఈ అంకె ఉంటుంది.

2. ప్రతి టైరును చేతి దీపం వెలుగులో లోపల, బయట పరిశీలించాలి. మెరుస్తున్న నల్లని చార, గీత, ఊడిన రబ్బరు పొడి ఉన్న చోటును గుర్తు పెట్టుకోవాలి. చక్రపు గూటిలో దానికి ఎదురుగా ఉన్న భాగాన్ని కూడా చూడాలి.

3. గుర్తు స్పష్టంగా లేకపోతే టైరు భుజం మీద, పక్కగోడల మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి, పెద్దలు నలుగురైదుగురిని కూర్చోబెట్టి, నెమ్మదిగా స్పీడు బ్రేకర్ల మీదుగాను, రెండు వైపులా పూర్తి మలుపులు తిప్పుతూను కొంత దూరం నడపాలి. సుద్ద చెరిగిన చోటే టైరు తగిలిన చోటు.

4. ఖాళీ ఎంత ఉందో తెలుసుకోవడానికి, నిలిపి ఉన్న కారులో స్ట్రట్టుకు టైరుకు మధ్య పిల్లలు ఆడుకునే మట్టి ముద్ద లేదా తడిపిన పిండి ముద్ద పెట్టి, తీసి, దాని మందాన్ని కొలవవచ్చు.

5. జాకీతో కారును ఎత్తినంత మాత్రాన ఒరిపిడి తెలియదు. జాకీ ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, ఒరిపిడి సాధారణంగా చక్రం పైకి లేచినప్పుడు జరుగుతుంది. జాకీ మీద మాత్రమే ఆధారపడిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు.

ఒరిపిడి ఒకవైపే ఉంటే చక్రాలను నిందించే ముందు ఆలోచించాలి. కొత్త చక్రాలు రెండు వైపులా ఒకటే కనుక, అవే కారణమైతే రెండు వైపులా దాదాపు ఒకే విధంగా తగలాలి. ఒకవైపే తగిలితే విరిగిన స్ప్రింగు, వంగిన ఆర్మ్, గతంలో ప్రమాదానికి గురై సరిగా సరిచేయని శరీర భాగం, ఊడిన లైనరు క్లిప్పు వంటివి కారణం కావచ్చు. ఒక క్లిప్పు వేస్తే పోయే ఒరిపిడికి చక్రాలు మార్చిన సందర్భాలు లేకపోలేదు.

సరిచేసే పద్ధతులు

టైరు మార్చడం: చక్రం మంచిదే అయి, టైరు మాత్రమే లావుగా లేదా ఎత్తుగా ఉన్నప్పుడు ఇది ఉత్తమమైన మార్గం. 205 బదులు 195 వేస్తే ఒక్కొక్క వైపు 5 మి.మీ. ఖాళీ దొరుకుతుంది. కొత్త టైరు ఆ రిమ్ము వెడల్పుకు అనుమతించిన హద్దులలో ఉండాలి. 185/65 ఆర్15కు ఆ హద్దు 5 నుండి 6.5 అంగుళాలు, 195/55 ఆర్16కు 5.5 నుండి 7 అంగుళాలు.

చక్రం మార్చడం: ఆఫ్‌సెట్ 10 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ తేడాగా ఉంటే సరైన ఆఫ్‌సెట్ గల చక్రానికి మార్చుకోవడమే శాశ్వత పరిష్కారం. కొత్తగా ఉండగానే దుకాణంలో మార్పిడి అడగడం మేలు. మొదట ఖర్చుగా కనిపించినా, మడ్‌గార్డు రేకు పని, రంగు, పాడైన టైర్ల ఖర్చుతో పోల్చితే ఇదే చౌక కావచ్చు.

స్పేసరు: టైరు లోపలి వైపు తగులుతూ, బయటి వైపు తగినంత ఖాళీ ఉన్నప్పుడు మాత్రమే స్పేసరు పనికివస్తుంది. హబ్బుకు, చక్రానికి మధ్య పెట్టే ఈ లోహపు బిళ్ళ తన మందం ఎంతో అంత మేర చక్రాన్ని బయటికి జరుపుతుంది. 5 మి.మీ. స్పేసరు వేస్తే ఈటీ 45 చక్రం ఈటీ 40 చక్రంలా పనిచేస్తుంది. దీని వలన నట్టు పట్టుకునే మర పొడవు తగ్గుతుంది. పట్టు పొడవు కనీసం స్టడ్డు వ్యాసమంత ఉండాలనేది సాధారణ నియమం. 12 మి.మీ. స్టడ్డు, 1.25 మి.మీ. మర అయితే నట్టు తొమ్మిదిన్నర చుట్లకు పైగా తిరగాలి. 1.5 మి.మీ. మర అయితే 8 చుట్లు తిరగాలి. అంతకంటే తక్కువ తిరిగితే పొడవైన స్టడ్లు వేయించాలి, లేదా స్పేసరు ఆలోచన మానుకోవాలి. స్పేసరు మధ్య రంధ్రం హబ్బుకు సరిగ్గా సరిపోవాలి. ఒకదాని మీద ఒకటిగా రెండు స్పేసర్లు వేయరాదు. బయటి వైపు తగిలే టైరుకు స్పేసరు వేస్తే ఒరిపిడి మరింత పెరుగుతుంది.

లైనరు సరిచేయడం: ఊడిన క్లిప్పులు వేయడం, అవసరమైతే హీట్ గన్‌తో ప్లాస్టిక్‌ను వేడిచేసి కొద్దిగా వెనుకకు నొక్కడం చేయవచ్చు. లైనరును పూర్తిగా తీసివేస్తే వానాకాలంలో నీరు, బురద, కంకర వైరింగు మీద, రేకు కీళ్ళ మీద పడి తుప్పుకు దారి తీస్తాయి.

మడ్‌గార్డు మడత ఒత్తడం: రేకు అంచును వేడిచేసి, రోలరుతో లోపలి మడతను పైకి ఒత్తుతారు. దీని వలన కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది. వేడి చాలకపోతే రంగు పగిలి, ఆ పగులులో తుప్పు మొదలవుతుంది. పని తరువాత అంచుకు తుప్పు నిరోధక పూత వేయించాలి. మడతను కోసివేయడం మాత్రం సరికాదు. ఆ మడతలోనే రెండు రేకులు కలిసి ఉండే కార్లు ఉన్నాయి, కోస్తే ఆ కలయిక విడిపోతుంది.

కేంబరు సవరణ: చక్రం పైభాగాన్ని కొద్దిగా లోపలికి వంచితే మడ్‌గార్డు వైపు ఖాళీ పెరుగుతుంది. తయారీదారు ఇచ్చిన హద్దులు దాటితే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. ఆ అరుగుదల కూడా కంటికి కనిపించని వైపే జరుగుతుంది. స్ట్రట్టు వైపు తగిలే టైరుకు ఇది పరిష్కారం కాదు.

సస్పెన్షన్ మరమ్మతు: పాత కారులో స్ప్రింగులు కుంగి, షాక్ అబ్జార్బర్లు బలహీనపడి ఉంటే ముందుగా వాటిని మార్చాలి. కుంగిన కారు మీద చేసిన కొలతలన్నీ తప్పవుతాయి. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కారును కొద్దిగా పైకి లేపినా, స్ప్రింగు పనిచేసే తీరును మారుస్తాయి కాబట్టి వాటిని అసలు మరమ్మతుగా భావించరాదు.

ఏ పద్ధతి అనుసరించినా ఆ తరువాత వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించాలి. నట్లను కారు పుస్తకంలో చెప్పిన బిగింపుతో టార్క్ రెంచితో బిగించి, 50 నుండి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ సరిచూడాలి. తరువాత నిండు బరువుతో సుద్ద పరీక్షను మరొకసారి చేయాలి.

చేయకూడని పనులు

* శబ్దం తగ్గుతుందని టైరులో గాలి ఎక్కువ లేదా తక్కువ పెట్టడం. తక్కువ గాలి వలన పక్కగోడ మరింత ఉబ్బి, వేడెక్కుతుంది.
* అల్లాయ్ చక్రం హబ్బు తలాన్ని లేతులో తరిగి ఆఫ్‌సెట్ మార్చడం. చక్రం బలం అక్కడే ఉంటుంది.
* వెడల్పైన రిమ్ముకు అనుమతించిన దాని కంటే సన్నని టైరును సాగదీసి తొడగడం. గుంతలో పడినప్పుడు టైరు రిమ్ము నుండి జారిపోవచ్చు.
* ఉక్కు చక్రాల నట్లను అల్లాయ్ చక్రాలకు సరిచూడకుండా వాడటం. శంకువు, గోళం, చదును అని నట్టు ఆనే చోటు మూడు రకాలు. రకం కలవకపోతే నట్టు నిలవదు.
* "నడిచే కొద్దీ అదే అరిగి సర్దుకుంటుంది" అని వదిలివేయడం. ప్లాస్టిక్ విషయంలో అది కొంత నిజం కావచ్చు. రేకు, ఇనుము విషయంలో అరిగేది టైరే.

ఒరిపిడికి గురైన టైరు మీద పైపైన మెరుపు చార మాత్రమే ఉంటే కారణాన్ని తొలగించి వాడుకోవచ్చు. లోపలి దారాలు కనిపించినా, పక్కగోడ ఉబ్బినా, గోరు దిగేంత లోతుగా కోత పడినా ఆ టైరును పారవేయాలి. ట్రెడ్ మీది పంక్చరు వలె పక్కగోడ గాయానికి నమ్మదగిన మరమ్మతు లేదు.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహన మార్పులను నియంత్రిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేటట్లు వాహనాన్ని మార్చరాదని ఈ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళకు చెందిన ఒక కేసులో, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం చేసిన సవరణ ద్వారా వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం, చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తయారీదారు అదే నమూనాకు ఆమోదించిన పరిమాణాలకు కట్టుబడితే ఇటువంటి వివాదానికి అవకాశం తక్కువ. చక్రాలు మార్చిన సంగతి బీమా సంస్థకు తెలియజేయడం కూడా మంచిది.

జర్మనీలో కారుతో రాని చక్రాలకు ఆమోద పత్రం తప్పనిసరి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎమ్ఓటీ పరీక్షలో టైరు ఏ భాగానికైనా తగులుతూ ఉంటే ఆ కారు పరీక్షలో తప్పుతుంది. ఆ దేశాలలో కారు వాడే తెలుగువారు ఈ నియమాలను గమనించాలి.

కొనే ముందు సరిచూడవలసినవి

* పాత చక్రం వెనుక ఉన్న వెడల్పు, ఆఫ్‌సెట్, పీసీడీ, మధ్య రంధ్రం అంకెలను రాసుకోవాలి.
* పాత టైరుకు, స్ట్రట్టుకు మధ్య ఖాళీని, మడ్‌గార్డు అంచు నుండి టైరు ఎంత లోపలికి ఉందో కొలవాలి.
* కొత్త టైరు, చక్రానికి బయటి, లోపలి దూరాలను లెక్కించి, పెరిగిన దూరం ఉన్న ఖాళీ కంటే తక్కువగా ఉందేమో చూడాలి.
* మొత్తం వ్యాసం పాత దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. లోడ్ ఇండెక్స్ తగ్గరాదు.
* టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి.
* నాలుగు చక్రాలకు డబ్బు చెల్లించే ముందు ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి టైరుతో సహా బిగించి, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి, వెనుక సీటు నిండా మనుషులను కూర్చోబెట్టి చూపమని దుకాణదారును అడగాలి.
* స్టెప్నీ చక్రం వ్యాసం కూడా కొత్త చక్రాలతో సరిపోతుందో లేదో చూడాలి. కొత్త నట్లు దానికి పనికిరాకపోతే పాత నట్లను కారులోనే ఉంచుకోవాలి.